మూడో శీతాకాలం

శ్రోతలందరికీ నమస్కారం.

అమెరికాలో నవంబరు వచ్చిందంటే హైస్కూళ్లలో బాస్కెట్‌బాల్ మొదలవుతుంది. మా డల్లాస్ శివార్లలో వారంలో రెండు మూడు సాయంత్రాలైనా స్కూలు జిమ్‌లన్నీ కిటకిటలాడతాయి. మన తెలుగు పిల్లలు కూడా ఇప్పుడు ఆ జట్లలో బాగానే కనబడుతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు గ్యాలరీలో కూర్చుని గొంతు పోయేదాకా ఉత్సాహపరుస్తారు. ఆ సందడి మధ్యలో నలుపు తెలుపు చారల చొక్కా వేసుకుని పరుగెత్తే మనిషి, అంటే రెఫరీ గురించి ఈ రోజు మాట్లాడతాను. ఎనిమిదేళ్లుగా నేనూ ఆ చొక్కా వేసుకుంటున్నాను.

1891లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నెయిస్మిత్ ఈ ఆటకు రాసిన నియమాలు పదమూడు. అందులోనే ఇద్దరు నిర్ణేతలున్నారు. అంపైర్ మనుషులను చూడాలి, రెఫరీ బంతిని చూడాలి. కొత్తవాళ్లకు నేర్పడానికి కూర్చున్నప్పుడల్లా నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే కొత్త రెఫరీ కళ్లు ఎప్పుడూ బంతి వెంటే పోతాయి. మనుషులను చూడడం అలవాటు కావడానికే ఒక ఏడాది పడుతుంది.

ఉదాహరణకు, ఒక కుర్రాడు బంతితో బుట్ట వైపు దూసుకొస్తాడు. ఇంకొకడు అడ్డంగా నిలుస్తాడు. ఇద్దరూ ఢీకొని పడిపోతారు. ఫౌల్ ఎవరిది? అడ్డు నిలిచినవాడి రెండు పాదాలూ నేలమీద ఆనాయా, ఛాతీ ఎదుటివాడి వైపు ఉందా, ఎదుటివాడు గాలిలోకి లేవకముందే ఆ చోటుకు చేరాడా, ఇవన్నీ రెప్పపాటులో తేల్చాలి. అవన్నీ ఉంటే ఫౌల్ దూసుకొచ్చినవాడిది, లేకుంటే అడ్డు నిలిచినవాడిది. ఒకసారి ఆ స్థానం సంపాదించుకున్నాక వెనక్కో పక్కకో కదిలినా తప్పు లేదు. గ్యాలరీ మాత్రం ‘కదిలాడు, కదిలాడు’ అని కేకలు వేస్తుంది. అలాగే, చేయి చాచినంత మాత్రాన ఫౌల్ కాదు. ఆ చేయి తగిలి ఎదుటివాడి ఆట చెడితేనే ఫౌల్. బంతి చేతిలో ఇమడక జారిపోతే, దాన్ని మళ్లీ అందుకునేలోగా వేసిన అడుగులు ట్రావెలింగ్, అంటే బంతి పట్టుకుని అదనంగా అడుగులు వేసిన తప్పు, కిందికి రావు. అందరూ నిలదీసే నిర్ణయాల్లో ఎన్నో ఇలాంటివే. నియమం తెలిసిన ఒకే ఒక్కడు కోర్టులో ఉంటాడు, తెలియని రెండు వందల మంది గ్యాలరీలో ఉంటారు.

నియమాలు నేర్పడం కష్టమేమీ కాదు. పుస్తకం ఉంది, పరీక్ష ఉంది, సీజన్‌కు ముందు సమావేశాలు ఉన్నాయి. ఫౌల్‌కు పిడికిలి ఎత్తాలి, మిగతా ఉల్లంఘనలకు అరచేయి ఎత్తాలి. ఇవన్నీ నెల రోజుల్లో వస్తాయి. ధైర్యంగా ఈల ఊదడం నేర్పడమే కష్టం. మేము వాడే ఈలకు కూడా ఒక కథ ఉంది. 1984లో బ్రెజిల్‌లో ఒలింపిక్స్‌కు ముందు జరిగిన పోటీలో రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ అనే కెనడా రెఫరీ ఫౌల్ చూసి ఈల ఊదితే, లోపలి గోళీ ఇరుక్కుని శబ్దమే రాలేదు. జనం గోల చేశారు. ఆ అనుభవంతోనే ఆయన గోళీ లేని ఈల తయారు చేయించి 1987లో బయటికి తెచ్చారు. ఈ కథ కొత్తవాళ్లకు తప్పకుండా చెబుతాను. అంత పెద్ద రెఫరీకీ అలాంటి రోజు వచ్చిందని తెలిస్తే వాళ్ల భుజాలు కాస్త తేలికపడతాయి.

ఇక అసలు బాధ. ఇండియానాపొలిస్‌లో ఉన్న జాతీయ హైస్కూలు క్రీడల సమాఖ్య లెక్క ప్రకారం, 2018-19 తర్వాత కొన్నేళ్లలోనే అన్ని ఆటల్లో కలిపి సుమారు 50,000 మంది ఈ పని మానేశారు. 2019 జనవరిలోనే ఆ సమాఖ్య అధిపతి కరిస్సా నీహాఫ్ తల్లిదండ్రులకు బహిరంగ లేఖ రాశారు. యువ రెఫరీల్లో 80 శాతం మంది రెండేళ్లకే చొక్కా విప్పేస్తున్నారనీ, మానేయడానికి పెద్దవాళ్ల ప్రవర్తనే ప్రధాన కారణమని 75 శాతానికి పైగా రెఫరీలు చెబుతున్నారనీ అందులో ఉంది. పిల్లల ప్రవర్తన అనలేదు, గమనించండి.

రెండేళ్ల కిందటి జనవరిలో మా రెఫరీల బృందంలో ఒక తెలుగు అబ్బాయి కొత్తగా చేరాడు. కాలేజీలో చదువుకుంటున్నాడు. అతనికి తొమ్మిదో తరగతి పిల్లల మ్యాచ్ ఇచ్చారు, జతగా వేసినవాడు కూడా మొదటి ఏడాదివాడే. తర్వాతి మ్యాచ్ నాది కాబట్టి ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆఖరి నిమిషంలో ఇద్దరు కుర్రాళ్లు ఢీకొన్నారు. అబ్బాయి పిడికిలి ఎత్తి, బంతితో వచ్చినవాడిదే ఫౌల్ అన్నాడు. ఒక తండ్రి గ్యాలరీ దిగి కోర్టు గీత దాకా వచ్చి వేలు చూపిస్తూ నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయన్ని ఆపవలసిన స్కూలు బాధ్యులెవరూ ఆ చుట్టుపక్కల లేరు. నేనే వెళ్లి అడ్డు నిలిచాను.

మ్యాచ్ అయ్యాక అబ్బాయి లాకర్ గదిలో బూట్ల లేసులు కూడా విప్పకుండా కూర్చున్నాడు. ఈల తాడును వేలికి చుడుతూ, విప్పుతూ అడిగాడు: “పాదాలు నేలమీదే ఉన్నాయి కదా అంకుల్?”

“ఉన్నాయి. నేను చూశాను,” అన్నాను. నిజంగానే ఉన్నాయి.

మర్నాడు ఫోనులో సందేశం వచ్చింది: “అంకుల్, ఇకనుంచి నా మ్యాచ్‌లకు ఇంకెవరినైనా చూసుకోండి.”

నా కోపమంతా ఆ తండ్రి మీదే కాదు, మా మీద కూడా. పెద్ద మ్యాచ్‌లకు ముగ్గురు అనుభవజ్ఞులు వెళతారు. అక్కడ స్కూలు అధికారులు ఉంటారు, పోలీసు కూడా ఉంటాడు. నిన్నగాక మొన్న చేరినవాళ్లను మాత్రం ఎవరూ పట్టించుకోని చిన్న జిమ్‌లలోకి పంపిస్తాం. గ్యాలరీ మొదటి వరుస అక్కడ కోర్టుకు రెండు అడుగుల దూరంలో ఉంటుంది. మేము స్కూలు ఉద్యోగులం కాము, మ్యాచ్‌కు ఇంత అని తీసుకుని వెళ్లేవాళ్లం. ఆ డబ్బు కోసం ఇన్ని మాటలు పడాలా అని ఏ కుర్రాడైనా అనుకుంటే తప్పేముంది?

ఆ సాయంత్రమే ఫోను చేశాను. “మానేయాలంటే మానేయి నాన్నా, కానీ ఈ నెలంతా నాతో కలిసి చెయ్యి, ఆ తర్వాత నీ ఇష్టం,” అన్నాను. మా బృందంలో గట్టిగా అడిగి ఒక పద్ధతి పెట్టించాం: మొదటి ఏడాదివాళ్లిద్దరిని ఎప్పుడూ జతగా పంపకూడదు. మ్యాచ్ అయ్యాక సీనియర్ ఒకే ఒక్క తప్పు ఎత్తి చూపాలి, మిగతావి వచ్చే వారానికి. ఆతిథ్యమిచ్చే స్కూలు నుంచి బాధ్యత గల మనిషి చిన్న మ్యాచ్‌కైనా కోర్టు పక్కనే ఉండాలి. ప్రేక్షకులతో వాదనకు దిగడం రెఫరీ పని కాదు కాబట్టి, ఆ మనిషి లేనిదే ఆట మొదలుపెట్టవద్దని కొత్తవాళ్లకు ముందే చెబుతున్నాం. అన్ని స్కూళ్లూ ఇంకా ఒప్పుకోలేదు. అడగడం మానలేదు.

ఆ అబ్బాయికి ఇది మూడో శీతాకాలం. పోయిన వారం కొత్తగా చేరిన ఒక అమ్మాయితో కలిసి తొమ్మిదో తరగతి మ్యాచ్ చేశాడు. ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ ఖాళీ కోర్టులో నిలబడి ఉండగా చూశాను. తన రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడి, ‘ఇక్కడే చూడు’ అన్నట్టు ఆమెకు కిందికి చూపిస్తున్నాడు.

నమస్కారం.