రైజో కనిపిస్తే వేరు వెతకండి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, పిల్లలకు నమస్కారం. నాకిచ్చింది పది నిమిషాలు, కాబట్టి పొగడ్తలు బాకీ పెడుతున్నాను.

ఈ మధ్య ఒక జవాబు పత్రం చూశాను. "రైజోమ్ అనగా నేలలో అడ్డంగా పెరిగే కాండం" అని పొల్లుపోకుండా రాసి ఉంది. పూర్తి మార్కులు. ఆ కిందనే "అల్లం ఒక వేరు" అని ఉంది. దానికీ మార్కులే! దిద్దినవారిని ఏమనాలో మీరే చెప్పండి. అల్లం కొమ్మును చేతిలోకి తీసుకోండి. కణుపులుంటాయి, వాటి మీద ఎండిన పొలుసాకులు, పక్కన మొగ్గలు. వేరుకు ఇవేవీ ఉండవు. గ్రీకులో రైజా అంటే వేరు. వేళ్ల ముద్దలా కనిపించింది కనుక ఆ పేరు వచ్చింది. అర్థం తెలిసినవాడికే అందులోని మెలిక దొరుకుతుంది.

రైజోబియం మాటేమిటి? వేరులో బతికేది. డచ్ శాస్త్రవేత్త బైయరింక్ 1888లో ఆ బాక్టీరియాను వేరుచేస్తే, మరుసటి ఏడాది జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ ఈ పేరు పెట్టాడు. శిలీంధ్రమూ వేరూ కలిసి చేసే కాపురానికి 1885లో మైకోరైజా అన్నదీ ఆయనే. సరే, పేర్లు అలా ఉంచండి. వెనక వరుస పిల్లలూ, ఇది మీకే: ఒక వేరుశనగ మొక్కను మెల్లగా పెకలించి వేళ్లు కడగండి. ఇలాంటి బాక్టీరియా కాపురముండే చిన్నచిన్న బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల లేత ఎరుపు! మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం, లెగ్‌హిమోగ్లోబిన్, అక్కడుంది. గాలిలోని నత్రజనిని పట్టే ఎంజైమ్ ఆక్సిజన్ ఎక్కువైతే పాడైపోతుంది. అందుకే ఆక్సిజన్‌ను అదుపులో ఉంచే ఈ కాపలా. ఇంత సంగతిని "సహజీవనానికి ఉదాహరణ" అని ఒక్క మార్కులో పాతిపెట్టేశాం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మడ అడవుల్లో ఊతవేళ్ల మీద నిలబడే రైజోఫోరా చెట్టు, వేళ్ల చుట్టూ ఉన్న మట్టికి 1904లో శాస్త్రవేత్త హిల్ట్‌నర్ పెట్టిన పేరు రైజోస్ఫియర్, నరాల మూలాలను కోసే శస్త్రచికిత్స రైజోటమీ... అన్నిటిలోనూ అదే వేరు.

టీచర్లకు ఒక్క విన్నపం. ఈసారి నిర్వచనం అడగకండి. "సెఫలే అంటే తల. రైజోసెఫాలా అనే జీవి ఎలా ఉంటుందో ఊహించి రాయండి" అనండి. తర్వాత చెప్పండి, అది పీత ఒంట్లో వేళ్లలా పాకి పోషకాలు పీల్చే పరాన్నజీవి అని. ఊహ తప్పినవాళ్లకూ అర మార్కు వేయండి.