మామ్మగారి మీటరు

నమస్కారం. విజయనగరంలో, 1885లో కట్టిన గంటస్తంభానికి కూతవేటు దూరంలో, ఒక సందులో ఉన్నాను. ఎదురుగా కనిపిస్తున్నది తెల్లదొరల కాలపు మేడ. పదకొండు వాటాలు, ఒకటే నుయ్యి. శిథిల భవనమని గోడకు నోటీసు అంటించారు. మూడు వాటాల్లోనే మనుషులు మిగిలారు.

నిజానికి నేను వచ్చింది పైకప్పు కోసం. కెమెరా కాస్త పైకెత్తుతాను, చూడండి. మద్రాసు టెర్రసు అంటారు దీన్ని. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి గానుగ సున్నంతో అతికారు. సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి, రోజుల తరబడి చెక్కలతో కొట్టేవారు. ఇనుప చువ్వ ఒక్కటీ లేదు.

మరి ఎక్కడ చెడింది? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను దాటాక, కారుతోందని పైన సిమెంటు పూశారట. సున్నం తడిని పీల్చుకున్నా ఎండకు వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. చెమ్మ దూలాల్లోకి దిగింది. ఇక చెదలకు పండగే.

నా ఉపన్యాసమంతా విని పై వాటా మామ్మగారు, గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, కుంగి చేతికందుతున్న దూలంలో గుచ్చారు. తలదాకా దిగింది. "బెల్లం పోసి కట్టారా? అందుకే తినేశాయి నాయనా! సరే గానీ, ఆ బకెట్టు ఇటు జరుపు" అన్నారు.

2020లో కోటలోని మోతీమహల్‌ను పడగొట్టినప్పుడు ఊరు గొడవపెట్టింది. మూడు లాంతర్ల స్తంభానికీ అంతే. దీనికి ఎవరూ రారు. ఇందులో ఉన్నది రాజులు కారు. గుమాస్తాలు, సంగీత కళాశాల విద్యార్థులు. కింద వాటాలో ఫిడేలు సాధన వినీ వినీ, సరిగమలు రాని తనకు కూడా ఎక్కడ అపశ్రుతి పలికిందో తెలిసిపోయేదని మామ్మగారు చెప్పారు.

కూల్చేస్తే బాధ లేదా అని అడిగాను, అడగకుండా ఉండాల్సింది. "వానాకాలం వచ్చి ఒక్క రాత్రి పడుకో, అప్పుడు చెబుదువు గాని" అన్నారు.

వెళ్లేముందు ఒకటి. మెట్ల కింద మీటర్ల బోర్డు ఉంది. పదకొండు మీటర్లు, ఒక్కోదాని కింద సుద్దతో పేర్లు. ఖాళీ చేసినవారి పేరు చెరపకుండా, పక్కనే కొత్తవారిది రాసుకుంటూ పోయారు. చక్రాలు తిరుగుతున్నవి మూడే. మరీ మెల్లగా తిరిగేది మామ్మగారిది. ఒక బల్బు, మధ్యాహ్నం పూట రేడియో. కెమెరా దగ్గరికి పెడతాను, ఎర్ర గీత వచ్చేదాకా ఆగండి.