ఏమీ కొనని అమ్మాయికి రిపేర్ చెయ్యరట

అందరికీ నమస్కారం. టీనేజీ పిల్లలు చదివే డిస్టోపియా నవలల గురించి, అంటే రేపటి లోకం చెడిపోతే ఎలా ఉంటుందో ఊహించి రాసేవాటి గురించి మాట్లాడమన్నారు, అవి బోలెడున్నాయి, నేను మాత్రం ఒక్కటే పట్టుకుంటాను, ఎం.టి. ఆండర్సన్ రాసిన ఫీడ్. అమెరికాలో 2002లో వచ్చింది. ఫేస్‌బుక్ 2004లో, ఐఫోన్ 2007లో, అంటే ఇవేవీ లేనప్పుడే రాసేశాడు ఆయన.

ఈ కథలో నెట్ నేరుగా మెదడులోనే ఉంటుంది, దాన్నే ఫీడ్ అంటారు, చిన్నప్పుడే పెట్టించేస్తారు. నోరు మెదపకుండా చాటింగ్, దేన్నైనా చూస్తే చాలు దాని యాడ్ తలలో మోగుతుంది. బడులు కూడా కంపెనీలవే. ఒంటి మీద పుండ్లు లేస్తుంటే ఎందుకొస్తున్నాయని ఎవరూ అడగరు, కొన్నాళ్లకి అవే ఫ్యాషన్, ఒకమ్మాయైతే కావాలనే ఒంటి మీద కోయించుకుంటుంది. అందరికీ మాటలు కూడా కరువే, ఆస్పత్రిలో డాక్టరే మెషీన్ల పేర్లు రాక ‘అదీ, అదేదో’ అంటుంటాడు.

టైటస్ అనే కుర్రాడు చెప్పే కథ ఇది. సెలవులకి చంద్రుడి మీదకి వెళ్తే అక్కడ వయొలెట్ పరిచయమవుతుంది, క్లబ్బులో ఒక హ్యాకర్ వీళ్లందరి ఫీడ్లూ పాడుచేస్తాడు, మిగతావాళ్లు కోలుకుంటారు గానీ వయొలెట్‌ది చెడిపోతూనే ఉంటుంది, ఎందుకంటే తనకి ఏడేళ్లప్పుడు పెట్టించారు, అది ఆలస్యం. తండ్రి వాడుకలో లేని భాషలు చెప్పే ప్రొఫెసర్, ఇంట్లో డబ్బు తక్కువ.

ఆ పిల్ల ఏం చేస్తుందంటే, మాల్‌కి వెళ్లి ఒకదానికొకటి పొంతన లేని వస్తువులన్నీ అడుగుతుంది, అడిగి ఏదీ కొనదు. తనెలాంటి కస్టమరో కంపెనీలకి అంతుపట్టకూడదని. నాకు ఈ నవల మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇదే, తెలివైన పిల్ల చేసే అసలైన తిరుగుబాటు. తర్వాత కాళ్లూ చేతులూ మొరాయించడం మొదలవుతుంది, రిపేర్‌కి సాయం చెయ్యమని కంపెనీని అడిగితే, నీ కొనుగోళ్లు చూశాం, నీ మీద డబ్బు పెడితే మాకు గిట్టదు అని ఎంతో మర్యాదగా చెప్తారు! అక్కడ పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయాను. ఎవరూ తుపాకీ పట్టుకోరు, ఎవరూ అరవరు, లెక్క చూసి వద్దన్నారంతే. తలలో ఉన్న ఫీడ్ కన్నా నాకు భయమేసింది ఆ లెక్కకే, మనిషి ప్రాణానికి విలువ కట్టేది ఎంత కొన్నారనే లెక్కే అయిపోవడానికి.

బూతులు బాగానే ఉన్నాయి, ముందే చెప్తున్నా. అయినా పదిహేనేళ్లు దాటిన పిల్లలకి ఇవ్వండి. చదివాక వయొలెట్ గురించి కాదు, టైటస్ గురించి అడగండి. మర్చిపోతానేమో అన్న భయంతో ఆ పిల్ల తన జ్ఞాపకాలన్నీ అతనికి పంపిస్తుంది, అతను చెరిపేస్తాడు. చెడ్డవాడు కాదు, ప్రేమించాడు కూడా. మరి ఎందుకు చెరిపేశాడో పిల్లల్నే చెప్పనివ్వండి.