నాయిన టిఫిన్ క్యారేజి

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. అయ్యగారికి, సంఘ పెద్దలకు, పొద్దటిసంది పొయ్యి కాడ నిలబడ్డ అక్కలకు గూడ వందనాలు. "లైఫ్‌ల ఎట్ల ఎదగాలె" అని యూత్‌కు చెప్పమని నన్ను పిలిచిన్రు, ఎందుకంటే హన్మకొండల నాకు రెండు బిల్డింగులున్నయ్, ప్లాట్ల బిజినెస్ నడుస్తది. రాసుకొచ్చిన పేపర్ జేబుల ఉంది గని ఇందాకటి సాక్ష్యాలు విన్నంక దాన్ని తియ్యబుద్ధయితలేదు.

ఒకరికి వీసా వచ్చింది, ఒకరికి కారు, ఒకరు ఇల్లు కట్టిన్రు. దేవునికి స్తోత్రం, వాళ్ల సంతోషం నాది గూడ. కానీ తమ్ముళ్లూ, వీసా రాని పిల్లగాడు ఎవరన్న ఇక్కడ కూసుంటే ఆయన ఏం సాక్ష్యం చెప్పాలె? ఆయనను దేవుడు మర్చిపోయిండా? ఎన్నేండ్లసందో అడగాలనుకుంటున్న మాట ఇది, ఇయ్యాల అడుగుతున్న.

మా నాయిన కూలి చేసేటోడు, ఆదివారం మా ఊర్ల ప్రార్థన నడిపేటోడు, దానికి జీతం లేదు. ఊర్ల ఎవరికి పెద్ద రోగమొచ్చినా వరంగల్ ఎంజీఎం దవఖానకు తోలుకొస్తుండె, చీటీ చదవొచ్చు గదా. రాత్రి వాళ్ల మంచం పక్కన కిందనే తువ్వాల పరుచుకొని పండుతుండె. చేతిల ఒక స్టీల్ క్యారేజి, మూడు గిన్నెలది, పై గిన్నె మీద ఆయన పేరు చుక్కలు చుక్కలుగ కొట్టిచ్చి ఉంటది, పిడి ఇరిగితే తీగ చుట్టిండు. కింద అన్నం, మీద పచ్చిపులుసు, అది గూడ సగం పక్క మంచపోళ్లకే పోతుండె. ఆ క్యారేజి పట్టుకొని ఒకసారి నా ఆఫీసుకొస్తే ప్లాట్లు కొనే పార్టీలున్నరని బయటనే కూసోబెట్టిన. గంటసేపు కూసున్నడు, ఏమనలే.

ఆగుండ్రి, డోర్నకల్ ఎందరు పోయిన్రు? అక్కడి బిషప్ అజరయ్య గారు తమిళాయన, తిరునెల్వేలి దిక్కు. వైఎంసీఏ అనే క్రైస్తవ యువకుల సంఘంల పెద్ద పని, దేశమంత తిరిగేటోడు. అది ఇడిచిపెట్టి 1909ల మన డోర్నకల్ వచ్చి తెలుగు నేర్సుకున్నడు. 1912ల బిషప్ అయిండు, ఇంగ్లండ్‌ల పుట్టిన ఆంగ్లికన్ సంఘంల మొట్టమొదటి భారతీయ బిషప్. బాప్తిస్మం తీసుకునేటోళ్లతోని ఎవరి చెయ్యి వాళ్ల తల మీదనే పెట్టిచ్చి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని అనిపిచ్చేటోడు. వాళ్లల్ల ఎక్కువమంది పూట గడవని కూలోళ్లే. నీకేమున్నది అని అడగలే, నువ్వు ఏం మోస్తవు అని అడిగిండు. మా నాయిన మోసిండు. నేను మొయ్యలే.

నాయిన పోయిన రోజు నేను రిజిస్ట్రేషన్‌ల ఉన్న. ఫోన్ సైలెంట్‌ల పెట్టిన, సంతకాలయ్యి బయటికొచ్చి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. పొయ్యేటాళ్లకు అంతా అయిపోయింది. ఇంటి ముంగట ఎవరెవరో మందున్నరు, నాకు ఒక్కరు తెల్వదు. ఒక ముసలవ్వ వచ్చి మూలకున్న ఆ క్యారేజిని రెండు చేతులతోని పట్టుకొని, "మా ఆయన పక్కన తొమ్మిది రాత్రులు పండిండు బిడ్డా మీ నాయిన" అన్నది. నా జేబుల అప్పుడు రిజిస్ట్రేషన్ కాయిదాలున్నయ్.

లూకా 12ల ఒకాయన ఉంటడు, పంట బాగ పండింది, ఉన్న గుమ్ములు కూలగొట్టి పెద్దయి కట్టుకుంట అంటడు. ఆ రాత్రే ప్రాణం అడుగుతడు దేవుడు. ఆ వాక్యం మీద నేను ఎన్ని ప్రసంగాలు విన్ననో, కాయిదాల మీద సంతకం పెట్టేటప్పుడు ఒక్కటి యాదికి రాలే.

ఇప్పుడు ఆ క్యారేజి నా కాడనే ఉంది, తీగ గూడ అట్లనే ఉంచిన. శనివారం శనివారం దాంట్ల అన్నం తీస్కొని ఎంజీఎం పోతున్న, చీటీ చదవరాని వాళ్లు ఇప్పటికీ మస్తుమంది ఉన్నరు. వచ్చే శనివారం ఆరింటికి గేటు కాడ నిలబడుత. ఎవరొస్తరో ఇప్పుడే చెయ్యెత్తుండ్రి, ఎంత అన్నం వండాలెనో ఇంట్ల చెప్పాలె.