ఇనుము కోసే ముందు అట్ట కోయండి

వ్యాఖ్యాత: సొంత జలాంతర్గామికి నమూనాలు ఎట్ల చేసుకోవాలె? ఇయ్యాల దాని గురించే. దేవరకొండ నుంచి ఒకన్న లైన్ల ఉన్నరు. చెప్పన్నా.

శ్రోత: నమస్తే సార్. ఒక్క మనిషికి సరిపోయేది గీసినం. మీటరు వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు. ఇరుకైతదేమోనని వ్యాసం ఇంకో 10 సెంటీమీటర్లు పెంచుదామనుకుంటున్నం.

నిపుణుడు: ఆగండన్నా. ఇప్పుడున్న గొట్టం 1.96 ఘనపు మీటర్లు. అది మునగాలంటే అంత జాగల పట్టే నీళ్ల బరువుకు సమానంగా, మనిషితో కలిపి 1,960 కిలోలు తూగాలె. 6 మిల్లీమీటర్ల ఇనుప పలకతో గొట్టం, రెండు మూతలు కలిపినా 440 కిలోలే. బ్యాటరీలు, మోటారు, మనిషి పోను మిగిలిన లోటంతా సీసమే. వ్యాసం 1.1 మీటర్లు చేస్తే ఇంకో 410 కిలోలు తూగాలె. పలకతో వచ్చేది అందుల 50.

శ్రోత: మరి ఇరుకో కాదో ఎట్ల తెలుస్తది?

నిపుణుడు: అసలు సైజులనే అట్టతో చేసి కూసోండి. ప్లైవుడ్ రింగులు ఐదు కోసి, వెదురు బద్దలు కట్టి, మీద అట్ట చుట్టండి. చాలామంది ఒకటి మర్చిపోతరు. బలానికి లోపల వెల్డింగ్ చేసే రింగులు 5 సెంటీమీటర్ల ఎత్తుంటే మీటరు కాస్తా 90 సెంటీమీటర్లు అయితది. అట్టల అవి గూడ ఉండాలె. బ్యాటరీల జాగల అంతే సైజు డబ్బాలు పెట్టండి. కండ్లు మూసుకొని ప్రతి వాల్వు చేతికి అందుతదా చూడండి. హ్యాచ్, అంటే లోపలికి పోయే మూత నుంచి పదిసార్లు ఎక్కి దిగండి. ఒక కొస మాత్రం తెరిచే ఉంచండి, గాలి ఆడాలె.

వ్యాఖ్యాత: వనపర్తి నుంచి ఇంకో కాల్.

శ్రోత: సార్, 4 అంగుళాల పీవీసీ పైపుతో మోడల్ చేసినం. హౌజుల మంచిగ తేలుతది. మునగనీకి నీళ్లు నింపే ట్యాంకు సగం నిండంగనే ముక్కు కిందికి పోతది.

నిపుణుడు: ట్యాంకు ఒక్కటేనా?

శ్రోత: ఒక్కటే సార్, ఈ కొస నుంచి ఆ కొస దాంక.

నిపుణుడు: అదే కారణం. ముక్కు కొంచెం వంగితే నీళ్లు ముందుకు ఉరుకుతయి, ఉరికితే ఇంకా వంగుతది. ముందొకటి, వెనకొకటి వేరే ట్యాంకులు పెట్టండి. ముంచేటప్పుడు పూర్తిగా నింపాలె, సగంల ఆపొద్దు. గాలి పోయే రంధ్రం ట్యాంకు పైకొసకే ఉండాలె, లేకుంటే బుడగ చిక్కుకుంటది. బరువెంత పెట్టిండ్రు?

శ్రోత: అసలుదాంట్ల తొమ్మిదో వంతు అనుకున్నం...

నిపుణుడు: కాదు తమ్మీ. ఆ పైపు బయటి వ్యాసం 110 మిల్లీమీటర్లు. దేవరకొండ అన్న గీసిన మీటరు పడవకు అది సుమారు తొమ్మిదో వంతు. పొడవు గూడ తొమ్మిదో వంతే, 275 మిల్లీమీటర్లు. బరువు మాత్రం అదే నిష్పత్తితో మూడుసార్లు భాగించాలె, సుమారు 750వ వంతు, అంటే 2.6 కిలోలు. అంత చేసి ముంచినంక, లోపల 50 గ్రాముల బరువును 5 సెంటీమీటర్లు పక్కకు జరిపి చూడండి. 5 డిగ్రీలు ఒరిగితే బరువు కేంద్రం తేలుడు కేంద్రానికి, అంటే నీళ్లు పైకి నెట్టే బిందువుకు, 1.1 సెంటీమీటర్లు కింద ఉన్నట్టు. అసలుదాంట్ల అది 10 సెంటీమీటర్లు. ఎక్కువ ఒరిగితే సీసం ఇంకా అడుగుకు దించండి.

శ్రోత: ఇదే మోడల్ బావిల 10 మీటర్లు దిగి చెక్కుచెదరకుండ వచ్చింది. అసలుది గూడ ఓర్చుకుంటదా?

నిపుణుడు: ఆ లెక్క పనికిరాదు. మీ పైపు గోడ 3 మిల్లీమీటర్లుంటే, అసలుదాంట్ల 27 మిల్లీమీటర్ల గోడ పెట్టినట్టు. పైగా పీవీసీ వేరు, ఇనుము వేరు. 10 మీటర్ల లోతుల దేవరకొండ అన్న గీసిన మీటరు మూత మీద 7.8 టన్నులు పడ్తది. చదును పలకైతే లోపలికి వంగుతది, గిన్నె ఆకారం మూత కావాలె. మందం, రింగుల దూరం ఇంజనీరుతో లెక్క కట్టించండి. తయారైనంక మనిషి లేకుండ, బరువులు కట్టి, మీరు దిగేదానికంటే ఎక్కువ లోతుకు దించండి. దించే ముందు లోపల అడ్డంగా ఒకదాంట్ల ఒకటి బిగువుగా జారే రెండు పైపులు పెట్టి, అవి కలిసే చోట గీత గీయండి. గొట్టం ఎంత నొక్కుకున్నదో పైకి తీసినంక ఆ గీతే చూపిస్తది.