అల్లాయ్‌లు వేశాం సరే, నట్లు ఏవి?

దృశ్యం: నెల్లూరులో ఇంటి ముందు రేకుల షెడ్డు. జాకీ మీద పాత మారుతి 800.

నమస్తే అన్నా. దీనికి 12 అంగుళాల ఇనప రిమ్ములు తీసి 13 అంగుళాల అల్లాయ్‌లు వేయించా. వారం తిరక్కుండానే, కావలి పోతుంటే హైవే మీద ముందు చక్రంలో కటకట. దిగి చూస్తే రెండు నట్లు చేత్తోనే తిరిగాయి. షాపు కుర్రాడు గట్టిగానే బిగించాడు పాపం. నట్టే వేరేది.

క్లోజప్: అరచేతిలో రెండు నట్లు.

రెండూ ఇదే స్టడ్‌కి, అంటే నట్టు ఎక్కే ఈ మర బోల్టుకి, ఎక్కుతాయి. మూతులు చూడండి. ఇది గోళీలా గుండ్రం, ఇది బొంగరంలా ఏటవాలు. బయట కొనే అల్లాయ్‌లు ఎక్కువ శాతం 60 డిగ్రీల ఏటవాలువి. హోండా కంపెనీ రిమ్ములకు గుండ్రం మూతి, టయోటా అల్లాయ్‌లు చాలావాటికి వాషరున్న చదును నట్టు. కాబట్టి నట్టు మూతి కోసం చూడాల్సింది కారును కాదు, రిమ్ములో నట్టు కూర్చునే గుంతని.

క్లోజప్: నట్టు మూతికి మార్కర్ పూస్తున్న చెయ్యి.

ఇలా పూసి, కాస్త బిగించి, విప్పండి. ఇంకు వెడల్పుగా, చుట్టూ చెరిగితే సరిగ్గా కూర్చున్నట్టు. సన్నటి గీతలా చెరిగిందా, ఆ నట్టు వద్దు. షాపులో వేసిన నట్టుకి నాకు గీతే వచ్చింది.

ఇక మర. మారుతి స్టడ్ 12 మిల్లీమీటర్లు, పిచ్, అంటే మర గీతకీ గీతకీ దూరం, 1.25. పాత విల్లీస్ జీపుది అర అంగుళం, అంటే 12.7. పిచ్ 1.27. తేడా చూశారా? జీపు నట్టు మారుతికి హాయిగా ఎక్కేస్తుంది, మర అంచులే పట్టుకుంటాయి. ఒకరోజు మర మొత్తం ఊడ్చుకుని వచ్చేస్తుంది. అన్నట్టు, ఆ జీపులకు ఎడమవైపు నట్లు రివర్స్ థ్రెడ్, అంటే మామూలుగా విప్పే వైపు తిప్పితే బిగుస్తాయి. తెలియక పానాకి పైపు తగిలించి తొక్కితే స్టడ్డే తెగుతుంది.

క్లోజప్: వేళ్లతో నట్టు తిప్పుతూ.

నట్లు బిగించే గన్ పక్కన పెట్టి, చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. ఒకటి, రెండు... ఈ స్టడ్‌కి 10 చుట్లయినా పడాలి. అల్లాయ్ మందంగా ఉంటే 6కే ఆగిపోవచ్చు, అప్పుడు పొడుగు స్టడ్ వేయించాల్సిందే. కొన మూసి ఉండే మూత నట్టయితే ఇంకో మోసం: స్టడ్ కొన లోపల మూతకు తగిలి బిగిసినట్టే ఉంటుంది, రిమ్ము మాత్రం వదులు.

మరకు గ్రీజు వద్దు. ఎదురెదురుగా బిగించాలి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే, అంటే అందులో చెప్పినంత బిగువుకే.

సరైన నట్లు బిగించాం. ఇప్పుడు దించి కావలి వెళ్లొస్తా, రానూపోనూ 100 కిలోమీటర్లు దాటుతుంది. బండి చల్లారాక టార్క్ రెంచితో నాలుగు చక్రాలూ మళ్లీ చూస్తా.