మారుతి 800: కాలు తీసినా దిగని రేజ్

యాంకర్: తెనాలి నుంచి కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్తే అమ్మా. నాది 1996 మోడల్ మారుతి 800, కార్బొరేటర్ బండి. ఎక్సలేటర్ మీద కాలు తీసినా ఒక్కోసారి ఇంజన్ రేజ్ తగ్గట్లేదండీ. మొన్న మా వీధి మలుపులో క్లచ్ నొక్కగానే ఇంజన్ బుయ్యిమంది. పెడల్ కింద చెప్పు మొన పెట్టి పైకి లేపితే గానీ దిగలేదు.

మెకానిక్: నమస్తే అండీ. లేపితే దిగిందన్నారు చూడండి, అది పనికొచ్చే మాట. చోక్ వల్లో, వాక్యూమ్ పైపు పగిలి గాలి లాగడం వల్లో రేజ్ పెరిగితే పెడల్ లేపినా మార్పుండదు. మీకు ఎక్కడో పట్టేస్తోంది. బండి దగ్గరే ఉన్నారా?

కాలర్: షెడ్డులోనే ఉన్నాను. మా మనవడు కూడా ఉన్నాడు.

మెకానిక్: మంచిది. ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. ముందు కాళ్ల కింద మ్యాట్ తీసేయండి, పెడల్ దానికి తట్టుకున్నా ఇదే గొడవ. ఇప్పుడు బానెట్ ఎత్తండి. గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కిచ్చే కార్బొరేటర్ పక్కన, కేబుల్ తగిలించిన చిన్న లివర్ ఉంటుంది. బాబుని పెడల్ పూర్తిగా నొక్కి ఠక్కున వదలమనండి, మీరు లివర్‌నే చూడండి.

కాలర్: (కాసేపటికి) వెనక్కి వస్తోంది గానీ, చివర్లో ఆగిపోతోందండీ. వేలితో తోస్తే వెళ్తోంది.

మెకానిక్: లివర్‌ను చేత్తో తిప్పి పట్టుకుంటే కేబుల్ వదులవుతుంది. కొసన ఉన్న గుండును గాడిలోంచి పక్కకు తప్పించి, ఒట్టి లివర్‌ను తిప్పి వదలండి.

కాలర్: ఆ... టక్కున వెనక్కొచ్చి కొట్టుకుందండీ!

మెకానిక్: అయితే కార్బొరేటర్‌ జోలికి పోనక్కర్లేదు. లివర్ తిరిగే ఇరుసు, అదే స్పిండిల్, దాని స్ప్రింగ్ బాగానే పనిచేస్తున్నాయి. లివర్ కూడా బరువుగా తిరిగి ఉంటే, పెట్రోల్ జిగురు పట్టిందేమోనని కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టించేవాణ్ణి. ఇప్పుడు కేబుల్ వైరు లాగి చూడండి.

కాలర్: గరగరలాడుతోంది. ఔటర్‌లోకి, అదే పై తొడుగులోకి, దూరే చోట రెండు పోగులు తెగి పైకి లేచాయండీ.

మెకానిక్: అదీ సంగతి. ఆ పోగులే లోపల ముల్లులా గుచ్చుకుంటున్నాయి.

కాలర్: మా ఊరి మెకానిక్ ఇంకో స్ప్రింగ్ తగిలిస్తే చాలన్నాడు.

మెకానిక్: వద్దండీ! ఈ స్ప్రింగుల వైద్యం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెడల్ బరువెక్కుతుంది, కేబుల్ మీద లాగుడు పెరిగి మిగతా పోగులూ తెగుతాయి. నూనె కూడా పోయొద్దు, తెగిన పోగు అతుక్కోదు కదా. ఔటర్‌తో సహా కేబుల్ మార్పించండి. పాత దారిలోనే, మెలిక పడకుండా, ఎగ్జాస్ట్‌కి తగలకుండా వేయాలి. పెడల్ వదిలాక కేబుల్‌లో కాస్త లూజు ఉండాలి. కొత్తది కూడా తొందరగా తెగిందంటే ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చూపించండి. అవి పోతే ఇంజన్ ఊగినప్పుడల్లా కేబుల్‌ను గుంజుతుంది.

యాంకర్: రోడ్డు మీద ఇలా పట్టేస్తే ఏం చేయాలండీ?

మెకానిక్: టెన్షన్ పడి బ్రేక్ పదే పదే తొక్కకూడదమ్మా. థ్రాటిల్, అంటే ఇంజన్‌కి గాలి వెళ్లే తలుపు, తెరుచుకుని ఉంటే బ్రేక్‌కి బలమిచ్చే బూస్టర్‌కి వాక్యూమ్ సరిగా అందదు, రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేక్ పెడల్ గట్టిపడిపోతుంది. క్లచ్ నొక్కి న్యూట్రల్ చేసి, బ్రేక్‌ను ఒక్కసారే గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఇంజన్ అరిస్తే అరవనివ్వండి. బండి పక్కకు ఆగాక తాళం తిప్పాలి. కదులుతుండగా తాళం బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది, జాగ్రత్త.

కాలర్: స్పేర్ పార్ట్స్ షాపు రెండు కిలోమీటర్లే. నెమ్మదిగా పోయి రానా?

మెకానిక్: బండి తీయకండి. మెకానిక్‌నే ఇంటికి పిలిచి పాత కేబుల్ విప్పించండి, అది పట్టుకుని ఆటోలో వెళ్లండి. కార్బొరేటర్ బండికని గట్టిగా చెప్పి, పాతదాని పక్కన పెట్టి పొడవు చూసుకునే కొనండి. లేకపోతే ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే ఎంపీఎఫ్‌ఐ బండిది అంటగడతారు.